గాయం కనబడని గుండె

1833 జనవరి 19, శనివారం సాయంత్రం. ఇంగ్లండులో సెవర్న్ నది ఒడ్డున ఉన్న అప్టన్ అనే చిన్న ఊళ్ళో థామస్ డేవిస్ అనే వైద్యుడికి కబురొచ్చింది. రెండు మైళ్ళ దూరంలోని పల్లెలో పదేళ్ళ పిల్లవాడు తుపాకీతో తననే కాల్చుకున్నాడట, ఉన్నపళంగా రమ్మన్నారు. డేవిస్ వెనకే మీరూ ఆ ఇంటి గడప దాటి లోపలికి రండి.

పిల్లవాడు పడుకుని ఉన్నాడు. నెత్తురు బాగా పోయింది, సొమ్మసిల్లిపోతున్నాడు. ఛాతీకి కుడివైపు, మూడో పక్కటెముకకూ నాలుగోదానికీ నడుమ, రొమ్ము ఎముకకు దగ్గరగా ఒక కంత. పైకి కనబడేది అంతే. డేవిస్ వాణ్ణి మెల్లగా కుడిపక్కకు ఒత్తిగిలించగానే ఆ కంతలోంచి నెత్తురు ధారకట్టింది. నల్లెరుపు రంగు. సిరల్లో నడిచే నెత్తురు అది. ఆ రంగును గుర్తుపెట్టుకోండి.

అమ్మానాన్నలు జరిగింది చెబుతున్నారు. నిప్పుల మీద రొట్టె కాల్చుకోవడానికి అక్కడి ఇళ్ళలో పొడవాటి ఫోర్కు ఉంటుంది. ఈ ఇంట్లోదానికి గొట్టంలోంచి గొట్టం సాగే పిడి ఉంది. ఆ బోలు పిడితో పిల్లవాడు తుపాకీ చేసుకున్నాడు. వెనక కొస మూయడానికి మూడంగుళాల కర్రముక్క దిగగొట్టాడు. లోపల తుపాకిమందు పోశాడు. మందు పోశాక నిప్పు అంటించడానికి కన్నం పెట్టాడు. మందు పేలింది. పేలుడు జోరుకు వెనక బిగించిన కర్రే ఊడి వాడి ఛాతీలోకి దూసుకుపోయింది. పోయి, మాయమైంది. పిల్లవాడు పడిపోలేదు. నలభై గజాలు నడిచి తనే ఇంటికి వచ్చాడు.

ఇప్పుడు డేవిస్ స్థానంలో నిలబడి ఆలోచించండి. ఎక్స్‌రే రావడానికి ఇంకా 62 ఏళ్ళుంది. మత్తు ఇచ్చి కోసే పద్ధతి రావడానికి 13 ఏళ్ళుంది. మూడంగుళాల కర్ర ఈ చిన్న ఛాతీలో ఎక్కడో ఉంది. ఎక్కడుందో చెప్పే సాధనం ఈ భూమ్మీద లేదు. ఆయన చేయగలిగింది పక్కన కూర్చోవడం, నెత్తురు ఆగిందో లేదో చూడడం, నాడి పట్టుకోవడం. చాలా గంటలు గడిచాక గానీ పిల్లవాడు కాస్త తేరుకోలేదు. నొప్పిగా ఉందా అంటే లేదంటాడు.

తరవాతి పది పదిహేను రోజులు చూసినవాళ్ళెవరికైనా గండం గడిచిందనే అనిపిస్తుంది. ఒకరోజు పిల్లవాడు లేచి తోటలోకి నడిచాడు. పోనూ రానూ ఎనభై గజాలు. తన పూలమొక్కల దగ్గర ఆడుకున్నాడు, వంగి కలుపు కూడా పీకాడు. ఎలా ఉందని అడిగిన ప్రతిసారీ బాగున్నాననే అన్నాడు. ఉత్సాహంగా ఉన్నాడు, నవ్వుతున్నాడు. డేవిస్ మాత్రం ఒక సంగతి గమనించి రాసుకున్నాడు: వాడి కళ్ళు ఉండాల్సినదానికంటే కొంచెం ఎక్కువ మెరుస్తున్నాయి. నూట తొంభై ఏళ్ళు దాటినా ఈ ఒక్క వాక్యం దగ్గర నేను ఆగిపోతాను. పరికరాలు లేని కాలంలో ఒక పల్లెటూరి వైద్యుడు రోగి ముఖాన్ని ఇంత శ్రద్ధగా చూశాడు.

రెండు వారాలు దాటాక పిల్లవాడు కళ్ళెదుటే చిక్కిపోవడం మొదలైంది. ఉండి ఉండి ఒళ్ళంతా వణుకు, ఆ వణుకు తగ్గగానే నీరసంతో సోలిపోవడం. నాడి వేగంగా కొట్టుకుంటోంది. దగ్గు లేదు. కఫంలో నెత్తురు లేదు. నొప్పి చివరిదాకా లేదు. ఫిబ్రవరి 25 సాయంత్రం ప్రాణం పోయింది. దెబ్బ తగిలి సరిగ్గా అయిదు వారాల రెండు రోజులు.

శవపరీక్ష బల్ల దగ్గరికి రండి. కష్టమే, అయినా రండి. ఛాతీ మీద కంత మానిపోయి చిన్న మచ్చ మిగిలింది. కుడి ఊపిరితిత్తి మొదట్లో, పెద్ద రక్తనాళాల పక్కన, ఆ మచ్చంతే ఒక నీలం గుర్తు. ఊపిరితిత్తులు ఇంచుమించు బాగానే ఉన్నాయి. కర్ర లేదు. గుండె చుట్టూ ఉండే పొర చూశారు, చెక్కు చెదరలేదు. గుండెను పైనుంచి చూశారు, ఆరోగ్యంగా ఉంది. అప్పుడు గుండె కుడి భాగాన్ని తెరిచారు.

కర్ర అక్కడ ఉంది. కుడి జఠరికలో, నిలువునా. ఒక కొస గుండె కింది మొనకు ఆని, లోపలి కండ పోగుల్లోకి చొచ్చుకుని ఉంది. రెండో కొస కర్ణికకూ జఠరికకూ మధ్య ఉండే కవాటం మీద ఆని, ఆ పల్చని రెక్కను చీల్చింది. కర్ర చుట్టూ అక్రోటు కాయంత నెత్తురు గడ్డ పేరుకుంది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ ఆ కొస ఆ రెక్కను రాచి ఉంటుంది. నిమిషానికి వంద సార్లనుకున్నా రోజుకు లక్షా నలభై నాలుగు వేల సార్లు. అలా 37 రోజులు.

అక్కడున్నవాళ్ళు మళ్ళీ వెతికారు. కర్ర గుండెలోకి దూరిన కంత ఎక్కడ? పొర మీద లేదు, గుండె గోడ మీద లేదు. ఎంత వెతికినా దొరకలేదు.

మొదట కారిన నల్లెరుపు నెత్తురు ఇక్కడ సాక్ష్యానికి వస్తుంది. కర్ర ఊపిరితిత్తి అంచును దాటి మహాసిరలోకి దిగబడిందని, అక్కణ్ణుంచి నెత్తురే దాన్ని మోసుకుపోయి ముందు కుడి కర్ణికలో, తరవాత కుడి జఠరికలో వేసిందని డేవిస్ తేల్చాడు. కాలువలో పడ్డ దుంగ ఎటు పోతుందో సిరలో పడ్డ వస్తువూ అటే పోతుంది, ప్రవాహం ఎటు ఉంటే అటు. ఊపిరితిత్తుల నుంచి వచ్చేవి తప్ప మన ఒంట్లో సిరలన్నీ చివరికి కలిసేది గుండె కుడి వైపునే. ఆ వివరాలు 1834లో వైద్యసంఘం సంపుటంలో అచ్చయ్యాయి. బయటి వస్తువు ఒకటి నెత్తురులో పడి గుండెకు చేరడం గురించి వైద్యం దగ్గరున్న తొలి నమోదు ఇదేనని చెబుతారు.

పిల్లవాణ్ణి చంపింది ఏమిటి? వణుకు, చిక్కిపోవడం, కర్ర చుట్టూ కట్టిన గడ్డ, చిరిగిన కవాటం: ఈ నాలుగూ కలిపి చదివితే గుండె లోపలి పొరకు క్రిములు పట్టాయనే ఈనాటి ఏ వైద్యుడైనా అనుమానిస్తాడు. అంటే కర్ర చేసింది ఒక్క గాయం కాదు. రాపిడి ఒకటి, నెత్తురు గడ్డకట్టడం ఒకటి, చీము క్రిములు గూడు కట్టడం ఇంకొకటి. గుండెలో చేరిన బయటి వస్తువు ఈనాటికీ హాని చేసే దారుల్లో ఇవి మూడు. నాలుగోది, అది అక్కడ కూడా ఆగకుండా ముందుకు సాగి పుపుస ధమనిలో అడ్డం పడడం. ఎడమ వైపు చేరితే మరీ ప్రమాదం, అక్కణ్ణుంచి బయల్దేరితే మెదడుకు పోవచ్చు, కాలికి పోవచ్చు.

ఇప్పుడు అదే ఇంగ్లండులో, అప్టన్‌కు ఎంతో దూరం కాని గ్లాస్టర్‌షైర్‌కు, 110 ఏళ్ళకు పైగా ముందుకు రండి. రెండో ప్రపంచయుద్ధం. సైరెన్‌సెస్టర్ దగ్గర అమెరికన్ సైన్యపు 160వ జనరల్ ఆస్పత్రి. యుద్ధభూమి నుంచి వచ్చే సైనికుల గుండెల్లోనూ, గుండె పక్కనా షెల్లు ముక్కలు, తూటాలు. లోహం గుండెకు చేరడానికి రెండు దారులున్నాయి. నేరుగా గోడను చీల్చుకుని రావడం ఒకటి. ఎక్కడో సిరలో పడి నెత్తురుతో కొట్టుకురావడం రెండోది. ఎక్స్‌రే తెర మీద చూస్తే రెండూ గుండెతో పాటు కదులుతుంటాయి.

ఆపరేషన్ గదిలో ఉన్న సర్జన్ పేరు డ్వైట్ హార్కెన్, ముప్పైల్లో ఉన్నాడు. గుండె జోలికి పోకూడదన్నది ఆయన గురువుల కాలపు నియమం. 1896లో ఒక ఇంగ్లీషు సర్జన్ తన పుస్తకంలో గుండె శస్త్రచికిత్సకు ప్రకృతే హద్దు గీసిందని రాశాడు. అదే ఏడాది జర్మనీలో లుడ్విగ్ రేన్ కత్తిపోటు పడిన గుండెకు కుట్లు వేసి మనిషిని బతికించాడు. అయినా కొట్టుకుంటున్న గుండెలోకి చెయ్యి పెట్టడమంటే అప్పటికీ జంకే. గుండెను ఆపి, దాని పని యంత్రానికి అప్పజెప్పే సౌకర్యం ఇంకా రాలేదు.

బల్ల మీద ఒక సైనికుడు. ఛాతీ తెరిచి ఉంది. గుండె మీ కళ్ళముందు ఎగిసి పడుతోంది. హార్కెన్ జఠరిక గోడకు కుట్లు వేసి పెట్టుకున్నాడు, కోత పెట్టాక ఆ దారాలు లాగితే కంత మూసుకోవాలి. వాటి నడుమ కోశాడు. లోపలి షెల్లు ముక్కను పట్టకారుతో అందుకున్నాడు. ఒక్క క్షణం అంతా నిలకడగా ఉంది. అంతలో గుండెలోని ఒత్తిడికి ఆ ముక్క టప్పున బయటికి ఎగిరింది. దాని వెనకే నెత్తురు వెల్లువ. దారాలు లాగారు, ఆగలేదు. ఇక ఆలోచించే వ్యవధి లేదు, హార్కెన్ వేలు తీసి కంత మీద పెట్టాడు. వెల్లువ నెమ్మదించింది, ఆగింది. ఆ వేలు అలాగే ఉంచి, దాని కింది నుంచి పెద్ద సూదులతో పట్టుదారం అటూ ఇటూ దూర్చాడు. నాలుగు కుట్లు. ఒక్కో ముడీ పడుతుంటే వేలు కొంచెం కొంచెం తీస్తున్నాడు. వేలు రాలేదు. ఒక కుట్టు ఆయన చేతితొడుగులోంచి కూడా పోయింది. సర్జన్ వేలును రోగి గుండెకు కలిపి కుట్టేసుకున్నాడు! తొడుగు కత్తిరించి వేలు విడిపించుకున్నాడు. సైనికుడు బతికాడు. ఈ ఘట్టాన్ని ఆయన భార్యకు ఉత్తరంలో రాశాడు.

ఆ ఆస్పత్రిలో హార్కెన్ గుండె లోంచి, గుండె చుట్టుపక్కల నుంచి, పెద్ద నాళాల పక్క నుంచి లోహపు ముక్కలు తీసిన సైనికులు 130 మందికి పైగా. అందులో 13 మందికి ముక్క గుండె గదుల్లోనే ఉంది. ఒక్కరూ చనిపోలేదు. అప్టన్ పిల్లవాడికి లేనివి ఈ సైనికులకు ఏమున్నాయో ఒక్కసారి లెక్కేసుకోండి: వస్తువు ఎక్కడుందో చూపే ఎక్స్‌రే, మత్తు, ఎక్కించడానికి నెత్తురు, పెన్సిలిన్. వీటన్నిటితో పాటు చెయ్యి పెట్టడానికి తెగించిన మనిషి. నా దృష్టిలో మొదట చెప్పుకోవలసింది ఎక్స్‌రేనే. ఉన్న చోటు తెలియకపోతే మిగిలినవేవీ అక్కరకు రావు.

అదే గదిలో పాల్ జోల్ అనే గుండె వైద్యుడు కూడా ఉన్నాడు. హార్కెన్ వేలు తగిలిన ప్రతిసారీ గుండె అదనంగా ఒకసారి కొట్టుకోవడం ఆయన చూశాడు. ఇంత చిన్న తాకిడికే పలికే గుండె, ఆగిపోయినప్పుడు బయటి నుంచి ప్రేరేపిస్తే పలకదా అన్న ఆలోచన ఆయన్ను వదల్లేదు. 1952లో ఛాతీ మీది నుంచి విద్యుత్తు పంపి, ఆగిపోతున్న గుండెను నడిపించాడు. పేస్‌మేకర్ల కథలో అది పెద్ద మలుపు. షెల్లు ముక్కలు ఏరిన చోటే దానికి విత్తనం పడింది.

తుపాకులు, షెల్లులు మనకు దూరం అనుకునేవాళ్ళు ఇప్పుడు మన ఊళ్ళలోని ఏదో ఒక క్యాథ్ ల్యాబ్‌లోకి రండి. ఈ రోజుల్లో నెత్తురులో పడి గుండెకు చేరే వస్తువుల్లో చాలావరకు వైద్యం కోసం మనమే లోపలికి పంపినవి. కీమో కోసం ఛాతీ మీద చర్మం కింద పెట్టే పోర్టుకు సన్నని గొట్టం ఉంటుంది. డయాలసిస్‌కు మెడలో వేసే లైను ఉంటుంది. ఉద్దానం నుంచి హైదరాబాద్ దాకా మెడ లైనుతో తిరిగే కిడ్నీ రోగులు ఎందరో మనకు తెలుసు. ఆ లైను వేసేటప్పుడు ముందు సూది, సూదిలోంచి ఒక పొడవాటి తీగ, తీగ మీదుగా గొట్టం పోతాయి. గొట్టం వేశాక తీగ బయటికి తీసేయాలి. అరుదుగానే అయినా, ఆ తీగ చేజారి లోపలే ఉండిపోయిన సందర్భాలు వైద్య పత్రికల్లో మళ్ళీ మళ్ళీ అచ్చవుతున్నాయి. పోర్టు గొట్టానిది వేరే బాధ. కాలరు ఎముక కింద నుంచి పోయే సిరలో దాన్ని వేస్తే, ఆ ఎముకకూ మొదటి పక్కటెముకకూ మధ్య నలిగి నలిగి కొన్నాళ్ళకు తెగిపోవచ్చు. తెగిన ముక్క పోయేది ఎక్కడికో మీకు తెలుసు.

సీసపు ఏప్రన్ వేసుకుని తెర ముందు నిలబడండి. కొట్టుకుంటున్న గుండె నీడలో సన్నని గీత ఒకటి ఊగుతోంది. అది తెగిన గొట్టం. బల్ల మీది రోగి మెలకువగానే ఉంటారు, తొడ మొదట్లో మొద్దుబారడానికి ఒక ఇంజెక్షన్ ఇచ్చారు, అంతే. అక్కడి సిరలోంచి డాక్టరు ఒక గొట్టం పైకి పంపుతారు. దాని కొసన ఉచ్చు. వంచి వదిలినా తన ఆకారానికి తిరిగొచ్చే లోహంతో చేసిన తీగ ఉచ్చు అది. తెర మీద ఉచ్చు తెరుచుకుంటుంది, ఊగే గీత కొసను వెతుకుతుంది. దాటిపోతుంది. మళ్ళీ. ఉచ్చు తీగ గుండె గోడకు తగిలిన ప్రతిసారీ పక్కన ఈసీజీలో ఒక గీత అడ్డదిడ్డంగా లేస్తుంది, జోల్ చూసింది ఇదే. గొట్టం రెండు కొసలూ గోడలకు అతుక్కుని ఉంటే ఉచ్చు పడదు. అప్పుడు కొస వంకీ తిరిగిన ఇంకో గొట్టంతో నడిమికి తగిలించి కిందికి లాగి, ఒక కొసను విడిపించాలి. ఈసారి పడింది. ఉచ్చు బిగించి మెల్లగా కిందికి, మహాసిరలోంచి తొడ దాకా, బయటికి. ఛాతీ కోయకుండా ఇలా గుండెలోంచి వస్తువును తీయడం 1964లో మొదలైంది. అప్పుడు తీసింది కూడా లోపల విరిగిపోయిన ఒక ఉక్కు తీగ ముక్కే.

బయటికొచ్చాక డాక్టరు చేసే పని చూడండి. ఆ ముక్కను, పోర్టు దగ్గర మిగిలిన ముక్కను ట్రేలో పక్కపక్కన పెట్టి పొడవు సరిచూస్తారు. రెండూ కలిస్తే మొత్తం గొట్టం రావాలి. రాకపోతే ఇంకో ముక్క లోపల ఉన్నట్టే. తూటా గాయాల దగ్గరా ఇదే లెక్క. ఒంటి మీది కంతలు, ఎక్స్‌రేలో కనబడే తూటాలు కలిపితే సరిసంఖ్య రావాలని అత్యవసర విభాగాల్లో నేర్పుతారు. లోపలికి ఒక కంత ఉంది, బయటికి కంత లేదు, అక్కడ ఎక్స్‌రేలో తూటా లేదు అంటే, తల నుంచి కాలి దాకా వెతకాలి. అది దెబ్బ తగిలిన చోట ఉండి తీరాలన్న రూలు లేదు.

లోపల చేరిన వస్తువు గురించి గుండె ఏమీ చెప్పకపోవచ్చు. అప్టన్ పిల్లవాడు నొప్పి అనలేదు. గొట్టం తెగిన రోగులు కూడా కొందరు ఏమీ అనరు, ఏదో స్కానుకో ఎక్స్‌రేకో వచ్చినప్పుడు బయటపడుతుంది. ఇంకొందరికి పోర్టులోకి మందు ఎక్కడం కష్టమవుతుంది, అక్కడ వాపు వస్తుంది, గుండె దడ, దగ్గు, ఆయాసం మొదలవుతాయి. వీటిని కీమో నీరసం అని కొట్టిపారేయడం మామూలైపోయింది. అది తప్పు. చాలాసార్లు ఒక ఛాతీ ఎక్స్‌రే చాలు, తేల్చడానికి.

మీ ఇంట్లో ఎవరికైనా మెడ లైను, పోర్టు, చేతి సిరలో పొడవాటి గొట్టం ఉంటే నాలుగు పనులు చేయండి. వేసిన రోజు తీసిన ఎక్స్‌రేను దాచుకోండి. లైను తీసేసిన రోజున, మొత్తం వచ్చిందా, కొస చూశారా అని అడగండి. ఆ ప్రశ్నకు నొచ్చుకునే డాక్టరు ఉండకూడదు. చికిత్స అయిపోయాక పోర్టు ఎప్పుడు తీస్తారో కాగితం మీద రాయించుకోండి. చేతిలోని గొట్టం తెగి లోపలికి పోయిందనిపిస్తే చెయ్యి కదపనివ్వకుండా, చంక దగ్గర మణికట్టు నాడి ఆగిపోనంత బిగువుతో గుడ్డ కట్టి, వెంటనే క్యాథ్ ల్యాబ్ ఉన్న ఆస్పత్రికి తీసుకెళ్ళండి. బయట మిగిలిన ముక్కను పారేయకుండా వెంట పట్టుకెళ్ళండి, లోపల ఎంత ఉందో డాక్టరుకు తెలిసేది దాన్ని కొలిచాకే.